రెండు నిమిషాల తేనె రంగు

నాగరత్నమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. లోపలికి రానివ్వాలా వద్దా అన్న సందేహం ఆమె ముఖంలో లేదు. రానివ్వకూడదని తేల్చుకున్నాక, ఆ మాట ఎట్లా అంటే బాగా గుచ్చుకుంటుందో అని చూస్తున్నట్టుంది.

"బాగేపల్లి నుంచి బస్సులో వచ్చినావా? పాపం. ఈ ఇంట్లో పెళ్ళీడు పిల్లోళ్ళు ఎవురూ లేరే."

అంబిక చెప్పులు విప్పి గోడవారకు జరిపింది. బాగేపల్లి బస్టాండు పక్కన మేడ మీద ఆమె డిటెక్టివ్ ఆఫీసు. పద్దెనిమిదేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, మానుకున్నాక పెట్టుకున్నది. వచ్చే పనిలో ముప్పాతిక భాగం పెళ్ళికొడుకుల గుణగణాలు విచారించడమే. ఆ సంగతి చుట్టుపక్కల తాలూకాల్లో అందరికీ తెలుసు. ఎగతాళి చేయాలనుకున్న వాళ్ళకి ఇంకా బాగా తెలుసు.

ఇల్లు శేషాద్రిగారిది, ఆయన మనవరాలు భూమిక పిలిస్తే వచ్చాను, వద్దనుకుంటే ఆ పిల్లకే ఫోన్ చేసి చెప్పండి అని అంబిక మామూలు గొంతుతోనే అన్నది. నాగరత్నమ్మ పక్కకు తప్పుకుంది. తిరిగినప్పుడు ఆమె వీపు కనబడింది. నెరిసిన జుట్టు ఇంకా తడారలేదు. ముడిలోంచి నీళ్ళు దిగి రవిక తడిసింది. ఈ వైపు ఇళ్ళలో తలంటు మంగళవారం, శుక్రవారం ఆడవాళ్ళకి, శనివారం మగవాళ్ళకి. ఈరోజు శనివారం. అంబిక ఆ తడిని మనసులో ఒక మూల పెట్టుకుంది.

గోడ గడియారంలో ఒకటీ ఇరవై ఐదు. నాలుగింటికి పోలీసు జీపు వస్తుంది.

ఆ జీపు ఎవరి కోసమో ఆ మనిషి హాలులో స్తంభానికి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. అంజనమ్మ పదిహేనేళ్ళుగా చింతామణిలోని ఈ ఇంట్లో వంట చేస్తోంది. తల్లి లేని భూమికను ఎత్తుకుని పెంచింది కూడా ఆమే. బుధవారం సాయంత్రం శేషాద్రి వెనక మెట్ల కింద తల పగిలి పడి ఉంటే మొదట చూసింది ఆమె. మేడ మీద ఆయన గదిలో ఉండవలసిన వజ్రపు ముక్కుపుడక అప్పటి నుంచి కనబడలేదు. చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో ఆయనకు ఇంకా తెలివి రాలేదు. ఈ ఉదయం ఆ పుడక అంజనమ్మ బుట్టలో దొరికింది. దొంగతనం వరకే అయితే ఒక తీరు. ముసలాయన ప్రాణం పోతే అది హత్య. నాలుగింటికి అంజనమ్మ ఆ జీపు ఎక్కితే మళ్ళీ ఎప్పుడు దిగుతుందో ఎవరూ చెప్పలేరు.

"రా అంబికమ్మా. కష్టపడి వచ్చినావు గానీ, పని అయిపాయె," అన్నాడు ధనుంజయ.

అతను శేషాద్రి పడక్కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు అంబికతో ఒకే ఠాణాలో పనిచేసినవాడే. ఇప్పుడు అతనిదీ డిటెక్టివ్ పనే, బెంగళూరులో అద్దాల ఆఫీసు, కింద నలుగురు మనుషులు. శేషాద్రి చెల్లెలు నాగరత్నమ్మ ఈ ఇంట్లోనే ఉంటుంది, ఆమె కొడుకు వసిష్ఠ గురువారం అతన్ని పిలిపించాడు. పుడకను శనివారం పట్టేశాడు. ఆ ముచ్చట రెండుసార్లు చెప్పుకున్నాడు.

పుడక స్టూలు మీద ఇత్తడి పళ్ళెంలో, తెల్ల కర్చీఫు మీద ఉంది. అంబిక సంచిలోంచి భూతద్దం తీసి వంగింది. బఠాణీగింజంత ఒంటి రాయి. పెసరపొట్టు రంగు, లోపల కొంచెం బూడిద కలిసినట్టు. రాయిని పట్టుకున్న బంగారు గోళ్ళలో ఒకదానికి తెల్లటి నూగు చిక్కుకుని ఉంది. మామూలు పత్తి కాదు. పట్టులా మెరిసే బూరుగుదూది పోగు. అంబిక దాన్ని ముట్టుకోలేదు.

ధనుంజయ రాసిన రిపోర్టు అడిగి తీసుకుని చదివింది. ఉదయం పదకొండూ ఇరవై. వంటింటి కిటికీ కమ్మీకి తగిలించిన వైరు బుట్ట. అడుగున, గుడ్డా కాగితం ఏదీ చుట్టకుండా, తేనె రంగు రాయి పొదిగిన ఒంటిరాయి ముక్కుపుడక ఒకటి. కింద ఇద్దరు సాక్షుల సంతకాలు.

"తేనె రంగు అని రాసినావే ధనుంజయప్పా."

"రాసినా. అయితే?"

"ఇది పెసర రంగు కదా."

ధనుంజయ పళ్ళెం వైపు చూశాడు. వెనక నుంచి నాగరత్నమ్మ, అది తన తల్లి పుడకేననీ, పుట్టినప్పటి నుంచి పెసర రంగేననీ, అందులో ఎవరికీ అనుమానం అక్కర్లేదనీ అన్నది. తల్లి పోయినప్పుడు అన్న దాన్ని తనకివ్వకుండా ఉంచుకున్నాడని కూడా కలిపింది. ఇరవై రెండేళ్ళ కిందటి మాట అది. ఆమె నోట నిన్నటి మాటలా వచ్చింది.

"కిటికీ కాడ వెలుతురు అట్లుండె," అన్నాడు ధనుంజయ. "చీరల రంగులు చూసే పని కాదమ్మా ఇది."

"చీర రంగు తప్పు చెప్తే అంగడోడు కూడా ఒప్పుకోడు. మనిషిని జైలుకి పంపే కాయితంలో నేనెట్లా ఒప్పుకునేది?"

ధనుంజయ నవ్వలేదు. కాగితం ఆమె చేతిలోంచి లాక్కుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అంబిక అంజనమ్మ ఎదురుగా నేల మీదే కూర్చుంది. అంజనమ్మ ఏడవడం లేదు. ఉదయం నుంచి అడిగినవాళ్ళకల్లా చెప్పి చెప్పి గొంతు గరగరలాడుతోంది. ఈరోజు ఏడింటికి వచ్చింది. బుట్టలో తెచ్చిన కరివేపాకు, టమాటాలు తీసేసి, ఖాళీ బుట్టను రోజూ లాగే కిటికీ కమ్మీకి తగిలించింది. పదీ నలభై ఐదుకు ధనుంజయ హాలులోకి పిలిచి కూర్చోబెట్టాడు. పదకొండున్నర దాకా లేవనివ్వలేదు. నీళ్ళు అడిగినా ఇవ్వలేదు. బుధవారం సంగతి అడిగితే, ఆరింటికి వెనక తలుపు తానే గడియ పెట్టిందట. ఆరూ నలభైకి రాత్రికి ఏమి పలహారం చేయమంటారని అడగడానికి పోతే ఆ గడియ తీసి ఉంది. తలుపు అవతల మెట్ల కింద పెద్దాయన.

"అంటే లోపలుండే వాళ్ళే గడియ తీసినారు," అన్నది అంబిక.

"అదే నేనూ చెప్తాండా. లోపలుండేది నువ్వే కదా అంటాండారు." అంజనమ్మ ధనుంజయ వైపు చూసి గొంతు పెంచింది. "నేను తీసింటే దాన్ని తెచ్చి కిటికీకి తగిలించుకుంటానామ్మా? నాకు రవికలో జాగా లేదా?"

సాక్షి సంతకం పెట్టిన పక్కింటాయన గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ మాటకు నవ్వబోయి, నాగరత్నమ్మను చూసి మానుకున్నాడు.

వసిష్ఠ ఇంతసేపూ గోడకు ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. నలభై ఏళ్ళ మనిషి. పట్టుదారం అంగడి. ఎడమ మోచేతికి కొత్త కట్టు. నిన్న బండి మీద నుంచి పడ్డాడట. బుధవారం సాయంత్రం ఎక్కడున్నారని అడిగితే రాత్రి ఎనిమిది దాకా అంగడిలోనే అన్నాడు. ఈ ఉదయం వంటింట్లోకి వెళ్ళారా అని అడిగితే తల ఎత్తాడు.

"నా ఇంట్లో నేను నీళ్ళు తాగేదానికి నీకు చెప్పి తాగాల్నా?"

"వద్దప్పా. తాగినారా లేదా చెప్తే చాలు."

అతను మళ్ళీ ఫోన్లోకి తల దించుకున్నాడు. అంబికకు అది సరిపోయింది.

రెండుంబావుకు ఆమె వెనక తలుపు తీసుకుని మెట్లెక్కింది. రాతి మెట్లు పద్నాలుగు. పైనుంచి మూడో మెట్టు దగ్గర గోడ సున్నం మీద చెయ్యి రాసుకుపోయినట్టు గీత పడి ఉంది. ముసలాయన కాలు జారి పడి ఉంటే పట్టుకోవడానికి కమ్మీ కుడి వైపు ఉంది. గీత ఎడమ వైపు గోడ మీద. కమ్మీ వైపు అప్పుడు వేరే ఎవరో నిలబడి ఉండాలి.

శేషాద్రి గది చిన్నది. ఆయన ముప్పై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాడు. కిటికీ అద్దాలకు సగం వరకు నల్ల కాగితం అంటించి ఉంది. టేబుల్ మీద చిన్న దీపం, కటకం, చేతిగడియారం, మూత తీసిన నల్ల ప్లాస్టిక్ డబ్బా. డబ్బా ఖాళీ. పక్కన ఒక నోటుపుస్తకం, అందులో ముత్యాల్లాంటి అక్షరాలు.

*చీకటి 3 గంటలు. మార్పు లేదు. పెసర రంగే.*

*చీకటి 30 గంటలు. తెరిచిన వెంటనే తేనె రంగు. కిటికీ వెలుతురులో పెసర రంగుకు 1 ని. 50 సె.*

*చీకటి 72 గంటలు. చిక్కటి తేనె రంగు. పెసర రంగుకు 2 ని. 5 సె.*

అంబిక మూడుసార్లు చదివింది.  చివరి పుటలో బుధవారం తేదీ. *సా. 5.30 తెరిచాను. తేనె. 5.32 పెసర.* ఆ తర్వాత ఏమీ లేదు.

ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో భూతద్దం. ఫోన్ టేబుల్ మీద పెట్టి, స్పీకర్ ఆన్ చేసి భూమికకు కలిపింది. ఆ పిల్ల బెంగళూరులో వజ్రాల్లోని లోపాల మీదే పరిశోధన చేస్తోంది. బుధవారం నుంచి ఆసుపత్రిలో తాత పక్కనే ఉంది. పుడక మామూలుది కాదని నెలల కిందట ఆయనకు చెప్పింది కూడా ఆమే.

"రాయి రంగు మార్చుకుంటుందా అమ్మా?"

"మార్చుకుంటుందక్కా. లోకంలో అట్లాంటి వజ్రాలు బహు తక్కువ." భూమిక గొంతు అలసిపోయి ఉన్నా, ఈ మాట దగ్గర కొంచెం లేచింది. "మగ్గం మీద పోగులుంటాయి చూడండి, వరసగా, ఒక్కటీ తప్పకుండా. వజ్రంలో కార్బన్ అణువులు అట్లుంటాయి. యాడో ఒక పోగు తెగి, దాని పక్కన వేరే జాతి అణువు దూరి ఉంటుంది. ఆ లోపం కాడ ఎలక్ట్రాన్ చిక్కుకుంటుంది. దానికి నిలబడేకి కొన్ని మెట్లే ఉండాయి. మెట్టుకీ మెట్టుకీ నడాన నిలబడేకి లేదు. వెలుతురు పడితే ఒక మెట్టు, చీకట్లో ఇంకో మెట్టు. ఏ మెట్టు మీద ఉంటే ఆ రంగు."

"ఏ లోపమో తెలుసా?"

"సరిగ్గా ఇదీ అని మాకింకా తేలలేదక్కా. తాత దాన్నే చూస్తాండె." అని, ఇంకో మాట కలిపింది. "వేడి చేసినా తేనె రంగుకే తిరుగుతుంది. చల్లారితే మళ్ళీ పెసర. రాయికేమీ కాదు."

మాట్లాడుతూ మాట్లాడుతూ భూమిక, తాత ఈ ఉదయం వేలు కదిలించాడనీ, పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తెరవబోతున్నాడనీ, సాయంత్రానికి మాట రావచ్చని డాక్టరు చెప్పాడనీ అన్నది. ఆ పిల్ల గొంతు గదంతా వినిపించింది. గది దాటి మెట్ల మీదకూ వినిపించింది.

కింద ఏదో అలికిడైంది. అంబిక తలుపు దగ్గరికి వచ్చి చూసింది. మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టి వసిష్ఠ నిలబడి ఉన్నాడు.

"మామకి తెలివొస్తాండాదా? మంచి మాట. అమ్మకి చెప్తా," అని వెనక్కి తిరిగాడు.

రెండూ ముప్పై ఐదుకు వీధిలో కారు స్టార్టయిన చప్పుడు వచ్చింది. అంబిక విన్నది. అంగడికి పోతున్నాడనుకుంది. ఆ క్షణాన ఆమె కళ్ళు వేరే చోట ఉన్నాయి. మిద్దె పిట్టగోడ మీద, ఎండలో, ఒకే ఒక దిండు ఆరవేసి ఉంది. గలీబు లేదు. తెల్లటి గుడ్డకు ఒక అంచున కుట్టు విప్పి, మళ్ళీ ఎర్ర దారంతో హడావిడిగా కుట్టారు. కుట్టు సందులోంచి బూరుగుదూది పైకి తేలుతోంది.

వంటింట్లోకి వెళ్ళి, ఆమె మొదట బుట్టను చూసింది. ప్లాస్టిక్ వైరుతో అల్లిన బుట్ట, వేలు దూరేంత సందులు. అదే కమ్మీకి తగిలించి లోపలికి తొంగి చూసింది. అడుగంతా చుక్కలు చుక్కలుగా ఎండ. ధనుంజయను పిలిచి, పళ్ళెం కూడా తెమ్మన్నది. అతను పళ్ళెం తేలేదు. దొరికిన సొత్తు ఎవరూ ముట్టుకోవడానికి లేదన్నాడు. నాలుగింటి దాకా అది తన పూచీ అన్నాడు.

"సరే, ముట్టుకోను. పుడక దొరికినప్పుడు ఫోన్లో వీడియో తీసింటావే. నువ్వు తీయకుండా ఉండవు, నాకు తెలుసు."

"తీసినా. కోర్టులో చూపిస్తా."

"కోర్టు దాకా ఎందుకప్పా, భయమా?"

భయం అన్న మాట ధనుంజయ దగ్గర ఎప్పుడూ పనిచేస్తుంది. ఠాణాలో ఉన్నప్పుడూ అంతే. ఫోన్ తీసి ఆమె ముఖం ముందు పెట్టాడు. పదకొండూ పందొమ్మిది దాటి యాభై సెకన్లు. బుట్ట. చెయ్యి లోపలికి. అరిచేతిలో పుడక. రాయి తేనె చుక్కలా ఉంది. వీడియో నడుస్తోంది. అతను దాన్ని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పుతున్నాడు, తన పేరు, తేదీ, టైము చెబుతున్నాడు, నడుచుకుంటూ హాలులోకి వస్తున్నాడు, పళ్ళెంలో పెడుతున్నాడు. పదకొండూ ఇరవై రెండు. రాయి పెసర రంగులో ఉంది.

అంబిక మళ్ళీ మొదటి నుంచి నడిపించింది. రెండోసారి ధనుంజయ ఫోన్ ముఖానికి దగ్గరగా తెచ్చుకుని చూశాడు.

"కెమెరా మోసం," అన్నాడు. గొంతులో ఇందాకటి దర్జా లేదు.

అంబిక శేషాద్రి పుస్తకం అతని చేతిలో పెట్టి, వేలితో మూడు వరసలూ చూపించింది. అతను చదివేదాకా ఆగింది.

"మూడు గంటల చీకటి చాలదు. ఒక రోజు దాటాల. ఆ బుట్ట ఏడు నుంచి ఎండలో ఉండాది. పుడక ఏడు నుంచి దాంట్లో ఉండింటే నీ చేతికి పెసర రంగుదే రావాల. తేనె రంగుది వచ్చిందంటే, నువ్వు చెయ్యి పెట్టేదానికి ఒకటి రెండు నిమిషాల ముందు దాకా అది చీకట్లో ఉండె. అంతసేపూ అంజనమ్మ యాడ ఉండె?"

జవాబు ధనుంజయకే తెలుసు. పదీ నలభై ఐదు నుంచి పదకొండున్నర దాకా ఆ మనిషి అతని కళ్ళ ముందే కూర్చుని ఉంది. అట్లా కూర్చోబెట్టింది అతనే.

"నీకు ముందు వంటింట్లోకి ఎవురు పోయినారు?"

ధనుంజయ కమ్మీకి వేలాడుతున్న బుట్టను వేలితో కదిపాడు. తర్వాత కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. వసిష్ఠ నీళ్ళకని వెళ్ళి వచ్చాడు. వచ్చి, అన్ని గదులూ వెతికినారే, ఆ బుట్ట చూసినారా సార్ అన్నాడు.

"నన్ను వాడుకున్నాడా వీడు," అన్నాడు ధనుంజయ, తనలో తాను.

"నువ్వు వాడుకోనిచ్చినావు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నేనూ నీ మాదిరే రెండుసార్లు మోసపోయినా, ఏడవద్దు. పళ్ళెం తీసుకురా ఇప్పుడు."

ఈసారి తెచ్చాడు. వెనకే నాగరత్నమ్మ వచ్చింది. తన వంటింట్లో ఏం చేస్తున్నారని మొదలుపెట్టింది. అంబిక దోసెల పెనం స్టౌ మీద పెట్టి మంట వెలిగించింది. నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమని ఎగిరిపోయేదాకా ఆగి, మంట తగ్గించి, పుడకను పట్టకారుతో పెనం నడుమ పెట్టింది.

నాగరత్నమ్మ తిట్టబోతూ పెనం వైపు చూసింది. రాయిలోని ఆకుపచ్చ కింది నుంచి మెల్లగా కరిగింది. బూడిద రంగు పోయింది. చూస్తుండగానే రాయి నిండా తేనె దిగింది.

"అమ్మ," అన్నది నాగరత్నమ్మ.

అది ఎవరితోనూ అన్న మాట కాదు. డెబ్బై ఏళ్ళ మనిషి గొంతులోంచి పదేళ్ళ పిల్ల గొంతు వచ్చింది. తల్లి కట్టెల పొయ్యి ముందు వంగి రొట్టెలు కాలుస్తుంటే ముక్కు మీద రాయి రంగు మారేదట. పిల్లలంతా కూర్చుని అది చూసేవాళ్ళట. ఈ సంగతి ఆమె గోడకు చెబుతున్నట్టు చెప్పింది. చెప్పి మూతి బిగించుకుంది.

అంబిక మంట ఆర్పింది. గొంతు పెంచలేదు. ఇళ్ళల్లో నిజం గొంతు పెంచితే రాదని ఆమె పెళ్ళి విచారణల్లో నేర్చుకుంది.

"వజ్రం అందరికీ పడదంటారు కదమ్మా. కొనేముందు మూడు రాత్రులు దిండులో పెట్టుకుని పడుకుంటారు. మంచి కల వస్తే ఉంచుకుంటారు. చెడ్డ కల వస్తే, పొద్దున్నే తలకు పోసుకుని, దిండు ఎండలో వేసి, తెచ్చినోళ్ళకే తిరిగిస్తారు. మా ఊర్లోనూ అంతే." పట్టకారుతో పుడక ఎత్తి, బంగారు గోటికి చిక్కుకున్న బూరుగు నూగు చూపించింది. వేడికి అది కొంచెం కమిలింది. "ఏమి కల వచ్చిందమ్మా?"

నాగరత్నమ్మ వెంటనే ఎదురుతిరిగింది. శనివారం తలకు పోసుకోవడం నేరమా అన్నది. దిండుకు నల్లులు పట్టాయన్నది. నువ్వెవరు నన్ను అడగడానికి అన్నది. మూడు మాటలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నాలుగోది లేదు. గడప దగ్గర అంజనమ్మ వచ్చి నిలబడి ఉంది. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు తల దించుకున్నది నాగరత్నమ్మ.

"అన్న మెట్ల మీద నిలబడి పిలుస్తాండాడు," అన్నది. "మూడు రాత్రులూ అదే. నీళ్ళు, నీళ్ళు అంటాండాడు. నేను లేయలేకుండా ఉండా."

"పుడక ఎవురిచ్చినారు?"

"వాడే తెచ్చిచ్చినాడు. మామ మనసు మార్చుకున్నాడు, నీ సొత్తు నీకిమ్మన్నాడు అని చెప్పినాడు. ఇన్నేళ్ళకన్నా బుద్ధి వచ్చిందే అనుకున్నా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నిన్న వాడు బండి మీద నుంచి పడె. ఈ పొద్దున భరిణలో వేసి, ఇది మనకు పడదురా, యాడిది ఆడనే పెట్టేసి రా అంటి. యాడ పెట్టినాడో పదకొండున్నరకు చూస్తి."

"చూసి కూడా నోరు మెదపలేదు."

"కన్నకొడుకమ్మా."

అంజనమ్మ అక్కడ నుంచి కదల్లేదు. ఆమె ముఖంలో కోపం కూడా లేదు. పదిహేనేళ్ళు ఈ మనిషికి అన్నం వండి పెట్టింది.

"బుధవారం ఎన్ని గంటలకు తెచ్చిచ్చినాడు?" అన్నది అంబిక.

"దీపం పెడతాండా. ఆరున్నర."

చెప్పాక ఆమెకు తన మాట తనకే వినబడింది. ఆరున్నరకు పుడక. ఆరూ నలభైకి అంజనమ్మ కేక. ఆ పది నిమిషాలను నాగరత్నమ్మ బుధవారం నుంచి చూడకుండా, వాటి పక్కనుంచే తిరుగుతోంది. ఇప్పుడు పెనం పక్కన నిలబడి చూసింది. 

రాత్రి ఎనిమిది దాకా అంగడిలోనే ఉన్నానన్నాడు కదా అని ధనుంజయ మెల్లగా అన్నాడు. అని చుట్టూ చూశాడు.

"యాడ వాడు?"

అప్పుడు అంబికకు కారు చప్పుడు గుర్తొచ్చింది. దాని వెనకే, టేబుల్ మీద ఫోన్, ఆన్ చేసిన స్పీకర్, మొదటి మెట్టు మీద కాలు. మామకి తెలివొస్తాండాదా. మంచి మాట. వసిష్ఠ పని అంగడిలో కాదు. తనను తోసిందెవరో చెప్పగలిగిన మనిషి శేషాద్రి ఒక్కడే, ఆయన సాయంత్రానికి నోరు తెరవబోతున్నాడు. ఆ కబురు వసిష్ఠకు అందించింది తనే.

గడియారంలో మూడూ ఇరవై ఎనిమిది. ఇక్కడి నుంచి చిక్కబళ్ళాపురానికి కారులో నలభై నిమిషాలు.

భూమిక రెండో రింగుకే ఎత్తింది. వెనక గిన్నెల చప్పుడు, ఎవరో ఇడ్లీ సాంబార్ అని అరుస్తున్నారు.

"యాడుండావమ్మా?"

"కింద క్యాంటీన్‌లోనక్కా. వసిష్ఠ మామ వచ్చినాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదంట కదా, పోయి తినిరాపో, నేను కూర్చుంటానన్నాడు."

"గదిలో ఇంకెవురుండారు?"

"మామ ఒక్కడే. తాతకి వెలుతురు పడదని లైటు ఆర్పి, పరదా లాగి..."

"పరిగెత్తమ్మా. దోవలో కనబడినోళ్ళనంతా పిలుచుకో. ముందు లైటెయ్యి."

ఎందుకని అడగలేదు భూమిక. కుర్చీ పడిన చప్పుడు, తర్వాత మెట్ల మీద అడుగులు, ఆ పిల్ల ఊపిరి. ధనుంజయ అప్పటికే తన ఫోన్లో చిక్కబళ్ళాపురం పోలీసులకు ఆసుపత్రి పేరు, గది నంబరు చెబుతున్నాడు. మాట తడబడలేదు. అంబిక ఫోన్‌ను స్పీకర్ మీద పెట్టి రెండు చేతులతో పట్టుకుంది. అడుగులు ఆగాయి. తలుపు మీద అరిచేతి దెబ్బలు.

"అక్కా, లోపల గడియ పెట్టుండాది."

వాకిట్లో హారన్ మోగింది. అరగంట ముందే వచ్చేసింది జీపు. లోపలున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేలోగా అంజనమ్మ కొంగు బిగించుకుని, వాకిలి దాటి, జీపు దగ్గరికి పరిగెత్తింది. ఉదయం నుంచి ఏ జీపు తలుచుకుని ఆమె వణికిందో, దాని వెనక తలుపు తానే లాగి, తానే ఎక్కి కూర్చుంది.

"నన్ను యాడికన్నా తీసుకుపోండప్పా," అన్నది డ్రైవరుతో. "ముందు చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి పోనీ. నా బిడ్డ ఆ తలుపు కాడ ఒక్కతే ఉండాది."